అంత చలిలో తోకచుక్క మంచు ఆవిరి కావడం ఎలా?

ప్రశ్న – డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

2024 అక్టోబరు మధ్యలో సూర్యాస్తమయం తర్వాత పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నుంచి సుచిన్షాన్–అట్లాస్ తోకచుక్కను చూశాను. అప్పటి నుంచి రెండు సందేహాలు తీరడం లేదు. సూర్యుని నుంచి సుమారు 45 కోట్ల కిలోమీటర్ల దూరానికి, అంటే భూమి ఉన్న దూరానికి మూడింతలకు, చేరేసరికి తోకచుక్కలోని నీటి మంచు చురుగ్గా ఆవిరి కావడం మొదలవుతుందని చదివాను. లెక్క వేసి చూస్తే అక్కడ సగటు ఉష్ణోగ్రత మైనస్ 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేలుతోంది. మరి సున్నా డిగ్రీలకు గాని కరగని మంచు అంత చలిలో ఆవిరి ఎలా అవుతుంది? ఇక, ఆ తోకచుక్క సూర్యునికి అతి దగ్గరగా వెళ్లింది సెప్టెంబరు 27న అయితే, మనకు బాగా కనిపించింది అక్టోబరులో ఎందుకు?

జవాబు – భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

మీ లెక్క సరైనదే. అయితే అక్కడ మంచు కరగదు. నీరు ద్రవంగా నిలవాలంటే కనీసం 611 పాస్కళ్ల పీడనం, అంటే మన వాతావరణ పీడనంలో సుమారు 165వ వంతు, ఉండాలి. అంతరిక్షంలో అదీ లేదు కనుక, మూత పెట్టని కర్పూరం వెలిగించకుండానే తరిగిపోయినట్టు, మంచు ఘనరూపం నుంచి నేరుగా వాయువైపోతుంది. దీన్నే మన పాఠ్యపుస్తకాల్లో ఉత్పతనం అంటారు. బయలుదేరిన వాయువు తనతో పాటు ధూళిని కూడా లేపుకుపోతుంది, ఎందుకంటే కొద్ది కిలోమీటర్ల కేంద్రకానికి, అంటే తోకచుక్క నడిమి గట్టి గడ్డకు, దాన్ని పట్టి ఉంచేంత గురుత్వాకర్షణ ఉండదు.

అసలు విశేషం ఆ ఆవిరి పెరిగే తీరులో ఉంది. రోసెట్టా అంతరిక్ష నౌక 67పి అనే తోకచుక్కను 2014 జూన్‌లో పరిశీలించినప్పుడు అది సూర్యుని నుంచి 58.3 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండి సెకనుకు 300 గ్రాముల నీటి ఆవిరిని వదులుతోంది. 2015 ఆగస్టు 13న 18.6 కోట్ల కిలోమీటర్లకు, అంటే దాని పరిహేళికి (కక్ష్యలో సూర్యునికి అతి దగ్గరి స్థానానికి), చేరిన రోజుల్లో అది సెకనుకు 300 కిలోలకు పెరిగింది. ఈ మధ్యలో అందిన సూర్యరశ్మి పదింతలే పెరిగితే, ఆవిరి వెయ్యింతలు పెరిగిందన్నమాట. దూరంగా ఉన్నప్పుడు ఉపరితలం తాను గ్రహించిన వేడిలో ఎక్కువ భాగాన్ని తిరిగి అంతరిక్షంలోకే వెదజల్లుతుంది. ఉష్ణోగ్రత కాస్త పెరిగినా మంచు బాష్పపీడనం (ఆవిరిగా మారడానికి అది చూపే ఒత్తిడి) అనేక రెట్లు పెరుగుతుంది కనుక, దగ్గరకు వచ్చే కొద్దీ ఆ వేడి ఉత్పతనానికే ఖర్చవుతూ పోతుంది.

జవాబు – ఆకాశ వీక్షకుడు, మహబూబ్‌నగర్

ఉపాధ్యాయుల వారి వివరణకు ఒక చేర్పు. 45 కోట్ల కిలోమీటర్లన్న హద్దు నీటి మంచుకే వర్తిస్తుంది, పైగా అది గీత గీసినంత ఖచ్చితమైనది కాదు. కార్బన్ డయాక్సైడ్ మంచు అంతకంటే చాలా దూరంలోనే, కార్బన్ మోనాక్సైడ్ మంచు ఇంకా దూరంలో ఉత్పతనం చెందుతాయి. 1997 వేసవి ఆరంభంలో మన పల్లెల్లో అందరూ చూసిన హేల్–బాప్ తోకచుక్కను 1995 జూలైలో కనుగొన్నప్పుడు అది సూర్యునికి వంద కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, కార్బన్ మోనాక్సైడ్ వల్ల అప్పటికే వెలుగుతోంది. కె2 పాన్‌స్టార్స్ అనే మరొకటి యురేనస్, నెప్ట్యూన్ కక్ష్యల మధ్య ఉండగానే ధూళి కప్పుకుని ఉన్నట్టు పాత ఛాయాచిత్రాల్లో తేలింది. కనుక ఏ తోకచుక్క ఎక్కడ మేల్కొంటుందో చెప్పాలంటే దాని మంచులో ఏమేమి ఉన్నాయో తెలియాలి.

జవాబు – విశ్రాంత అధ్యాపకురాలు, సూర్యాపేట

పై రెండు జవాబులు చదివి కేంద్రకం అంతా ఒకేసారి ఆవిరి కక్కుతుందని అనుకోవద్దు. 1986 మార్చిలో జొట్టో అంతరిక్ష నౌక హేలీ తోకచుక్క దగ్గరకు వెళ్లినప్పుడు బయటపడిన కేంద్రకం తెల్లని మంచుగడ్డలా లేదు. తన మీద పడ్డ వెలుతురులో నాలుగు శాతమే తిప్పి పంపే నల్లని పెంకులా ఉంది, అందులో పదో వంతు ప్రాంతం నుంచే జోరుగా వాయువు వెలువడుతోంది. మిగిలిన చోట్ల ఎండిన ధూళి పొర మంచును కప్పి వేడిని లోపలికి పోనివ్వదు. 67పి నుంచి నీటి ఆవిరి అత్యధికంగా వెలువడింది కూడా పరిహేళి రోజున కాదు, దాదాపు మూడు వారాల తర్వాత. తోకచుక్క కాంతిని ముందుగా అంచనా వేసిన వారు తరచూ తప్పుతారంటే ఇదొక కారణం. 2013లో ఎంతో ఊరించిన ఐసాన్ తోకచుక్క నవంబరు 28న సూర్యుని పక్క నుంచి పోతూ ముక్కలై చెదిరిపోయింది.

ఇక మీ రెండో సందేహానికి వస్తే, ఆవిరి ఎక్కువగా వెలువడడం వేరు, మన కంటికి అనువుగా కనిపించడం వేరు. సెప్టెంబరు 27న సుచిన్షాన్–అట్లాస్ సూర్యునికి 6 కోట్ల కిలోమీటర్ల లోపే ఉన్నా, వేకువ వెలుతురులో దిగంతానికి అంటుకుని ఉండేది. అక్టోబరు 12న అది భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. ఆ రోజుల్లోనే సాయంత్రపు ఆకాశంలోకి మారి, రోజురోజుకూ సూర్యుని వెలుగు నుంచి దూరంగా జరిగింది. పరిహేళి దగ్గర లేచిన ధూళి అప్పటికి పొడవాటి తోకగా పరుచుకుని ఉంది. ఉదయసముద్రం మీద పడమటి దిక్కున మీరు చూసినది చాలావరకు అంతకు ముందు వారాల్లో వెలువడిన ధూళినే.