డార్వెన్ చూడటానికి వెళ్ళాలా, వద్దా? లాంకషైర్ మిల్లు పట్నంపై చర్చ

ప్రశ్న (మాంచెస్టర్ విద్యార్థి):
వచ్చే నెల అమ్మానాన్నలు ఇక్కడికి వస్తున్నారు. ఒక శనివారం వారిని డార్వెన్‌కు తీసుకువెళ్ళాలని నా కోరిక. పాత సంత పట్నం, ఒకప్పటి నూలు మిల్లుల కేంద్రం. మాంచెస్టర్ విక్టోరియా స్టేషను నుంచి బ్లాక్‌బర్న్ వైపు వెళ్ళే రైలు నేరుగా అక్కడ ఆగుతుంది. నా మిత్రులు మాత్రం, మన నేతగాళ్ళ నోటికాడి కూడు లాక్కున్న ఊళ్ళకు డబ్బు పెట్టుకుని వెళ్ళడం ఏమిటని అడ్డుపడుతున్నారు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు 1 (చీరాల నేత కుటుంబీకుడు):
మీ మిత్రుల మాటే నా మాట. కోరమండల్ తీరపు అద్దకం బట్టలకు గిరాకీ పెరిగినప్పుడు ఇంగ్లండు 1700లో ఒకటి, 1721లో మరొకటి చట్టాలు చేసి వాటిని తన గడప తొక్కనివ్వలేదు. తన యంత్రాలు నిలదొక్కుకున్నాక మన అంగళ్ళనే తన బట్టతో నింపింది. గుంటమగ్గం పక్కన పెరిగిన నాకు అక్కడి మిల్లు పొగగొట్టాన్ని వారసత్వ కట్టడమని మెచ్చుకోవడానికి మనసొప్పదు.

జవాబు 2 (ప్రెస్టన్ నివాసి):
చీరాల వారు చెప్పిన చరిత్రలో ఒక్క అక్షరం కూడా నేను కాదనను. అయినా వెళ్ళమనే చెబుతాను, ఎందుకంటే ఆ చట్టాలు చేసినవారు వేరు, ఆ ఊళ్ళో మరమగ్గాల ముందు నిలబడినవారు వేరు. బ్లాక్‌బర్న్ ప్రాంతపు మగ్గాల మీద మన దేశానికి పంపే పంచెలు విస్తారంగా నేసేవారు. ఆ పని చేసిన ఆడవారు నాడెలో (పేక దారాన్ని అటూ ఇటూ నడిపే పనిముట్టులో) కొత్త దారపు కండె పెట్టిన ప్రతిసారీ నాడెకున్న చిన్న రంధ్రానికి పెదవులు ఆనించి పేక దారాన్ని పీల్చి బయటికి లాగేవారు. ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి మారే ఆ నాడెతో పాటు దూదిపొట్టు, రోగాలు కూడా లోపలికి పోయేవి. మగ్గాల రొదలో మాట వినబడదు గనుక పెదవుల కదలికను బట్టే మాట్లాడుకునేవారు. మన పెద్దలు కట్టిన మిల్లు పంచెలో ఆ ఊపిరి కూడా ఉందని నేను నమ్ముతాను.

రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీజీ, 1931 సెప్టెంబరులో ఒక మిల్లు యజమానుల కుటుంబం పిలుపు మీద డార్వెన్ వచ్చారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల, ప్రపంచ మాంద్యం వల్ల అప్పటికి అక్కడి మిల్లులు ఎన్నో మూతపడి ఉన్నాయి. సెప్టెంబరు 26న గ్రీన్‌ఫీల్డ్ మిల్లు దగ్గర తీసిన ఫొటోను మీలో చాలామంది చూసే ఉంటారు: శాలువా కప్పుకున్న ఆయన చుట్టూ పనివారైన స్త్రీలు చేతులెత్తి, నోరారా నవ్వుతూ కేరింతలు కొడుతున్నారు. తమ పని పోవడానికి ఒక కారణమైన మనిషిని అలా ఆదరించినవారి ఊరిని మనం వెలివేయడం నాకు న్యాయంగా తోచదు.

అలాగని డార్వెన్‌ను గాంధీ యాత్రాస్థలంగా మాత్రమే చూసి రావద్దు. 1867లో పూర్తయిన ఇండియా మిల్లు పొగగొట్టం దాదాపు 300 అడుగుల ఎత్తున, ఇటలీ గంటగోపురం నమూనాలో నిలిచి ఉంది. స్టేషను నుంచి నడిచి వెళ్ళవచ్చు. ఊరి పైనున్న కొండమీద 1898 నాటి జూబిలీ గోపురం విక్టోరియా రాణి పేరిట కట్టినదే అయినా, భూస్వామి మూయించిన కొండదారుల్లో నడిచే హక్కును ఊరివారు పోరాడి 1896లో తిరిగి సాధించుకున్న సంగతికీ అది గుర్తు. నాకు రాణి కంటే ఆ నడకే ముఖ్యం. పెద్దవారికి ఎక్కడం కష్టమైతే కింద నుంచి చూపించండి.

జవాబు 3 (చీరాల నేత కుటుంబీకుడు):
ఆ ఫొటో నేనూ చూశాను, ఆ స్త్రీల మీద నాకు కోపం లేదు. అయితే ఇద్దరి కష్టాన్నీ ఒకే తక్కెడలో తూచడానికి ఒప్పుకోను. 1931లో పని పోయిన లాంకషైర్ కార్మికుడికి చాలీచాలనిదైనా నిరుద్యోగ భృతి ఉండేది. మగ్గం ఆగిన మన నేతగాడికి అప్పు తప్ప మరో దారి లేకపోయింది. గాంధీజీ కూడా అక్కడివారి బాధను ఓపికగా విని, మన పల్లెల పేదరికం అంతకు ఎన్నో రెట్లని వారి ముఖానే చెప్పి వచ్చారు. మీ అమ్మానాన్నలకు ఫొటో కథ చెబితే ఈ మాట కూడా చెప్పండి.

జవాబు 4 (ప్రెస్టన్ నివాసి):
తప్పక చెప్పవలసిన మాటే. విద్యార్థి గారూ, డార్వెన్‌లో మగ్గాలు ఆడటం మీకు కనబడదు. దానికి బర్న్‌లీలోని క్వీన్ స్ట్రీట్ మిల్లుకు వెళ్ళాలి; 1895 నాటి ఆవిరి యంత్రం, దాదాపు 300 మగ్గాలు అక్కడ ఉన్నాయి. ఏడాది పొడుగునా తెరిచి ఉండదు కాబట్టి తేదీ చూసుకుని బయలుదేరండి.