అబద్ధపు ఫిర్యాదుకి 150 రోజుల జైలు: తక్కువా, ఎక్కువా?

కాలవగట్టు
చికాగో దగ్గర ఉండే మా బావమరిది నిన్న ఫోన్లో జస్సీ స్మొలెట్ కేసు సంగతి చెప్పాడు. తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా రాస్తాను. ఆయన టీవీ నటుడు, నల్లజాతివాడు, స్వలింగ సంపర్కుడు. 2019 జనవరి 29న రాత్రి రెండు గంటలప్పుడు ముసుగులేసుకున్న ఇద్దరు తనను జాతి పేరుతో తిట్టి, కొట్టి, మెడకు తాడు వేసి, ఒంటి మీద ఏదో పోశారని పోలీసులకి చెప్పాడు. పెద్దపెద్దవాళ్ళంతా ఆయన వైపు నిలబడ్డారు. తీరా పోలీసులు చెప్పిందేమిటంటే, ఆ ఇద్దరూ ఆయనకు తెలిసిన అన్నదమ్ములేనట. 3,500 డాలర్ల చెక్కు పుచ్చుకుని ఆ నాటకం ఆడారట. ఆ చెక్కు నాకు వ్యాయామం నేర్పినందుకు ఇచ్చాను అని ఆయన వాదన. 2021 డిసెంబరులో జ్యూరీ ఆరు అభియోగాల్లో ఐదింటిలో దోషి అని తేల్చింది. 2022 మార్చి 10న జడ్జి 150 రోజుల జైలు, 30 నెలల ప్రొబేషన్, 25,000 డాలర్ల జరిమానా, పైగా నగరానికి 1,20,106 డాలర్లు కట్టమని తీర్పు చెప్పాడు.

అక్కడి జనం రెండుగా చీలిపోయారు. ఎక్కువని కొందరు, తక్కువని కొందరు. నా మటుకు నాకు చాలా తక్కువ. మూడేళ్ళ దాకా వేసే వీలుంటే మూడేళ్ళూ వేయాల్సింది. అబద్ధం కేసు పెట్టినవాడు రేపు నిజంగా దెబ్బలు తిని స్టేషను మెట్లెక్కేవాళ్ళందరి నోట్లో మట్టి కొట్టినట్టే. మన జిల్లాల్లో దొంగ అట్రాసిటీ కేసులు పెట్టేవాళ్ళకీ ఇలాంటి శిక్ష ఒక్కటి పడితే బుద్ధొస్తుంది.

పులస
నాకు ఒక్క విషయం చాలు. పోలీసులు ఇంటికి వచ్చేసరికి కూడా ఆ తాడు ఆయన మెడలోనే ఉంది. పోలీసు కెమెరాలో కనబడుతుంది. తీసేస్తారా అంటే, మీరు చూడాలని ఉంచాను అన్నాడు. నిజంగా ఉరితాడు పడినవాడు ముందు దాన్ని పీకి అవతల పారేయడా?

పూతరేకు
శిక్ష సరైనదే. జైలు తక్కువైనా డబ్బు బాగా పడింది.

తూర్పుగాలి
పులస గారూ, సాక్ష్యం అలాగే ఉంచాలని మాకు ప్రతివాళ్ళూ చెప్పారండి. రెండేళ్ళ క్రితం మా ఊరి తీర్థంలో మా తమ్ముణ్ణి కొట్టారు. బండి తీయమంటే తీయలేదని మొదలుపెట్టి, పేట పేరు ఎత్తి మరీ కొట్టారు. ఆ చొక్కా ఉతకొద్దని ప్లీడరు గారు చెబితే మా అమ్మ కవరులో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది. రక్తం ఎండిపోయి కాలరు అట్టలా బిగిసిపోయింది. ఎఫ్ఐఆర్ రాయించుకోడానికి పదకొండు రోజులు తిరిగాం. అన్నాళ్ళూ అన్నం వండడానికి బియ్యం తీసినప్పుడల్లా అమ్మ ఆ కవరు పక్కకి జరిపేది. తాడు ఉంచుకున్నాడు కాబట్టి అబద్ధం, తీసేస్తే సాక్ష్యం లేదు కాబట్టి అబద్ధం. మరి ఏం చేయాలండి?

స్మొలెట్‌ని నేను వెనకేసుకు రావడం లేదు. జ్యూరీ విని తేల్చింది.

పులస
అమ్మా, నేను మీ తమ్ముడి గురించి అనలేదు. ఆ తాడు గురించే అన్నాను. చలికాలం, చికాగో, అర్ధరాత్రి రెండు గంటలు. ఆ చలిలో మనిషిని కాపు కాసి కొట్టేవాళ్ళుంటారా? తాడూ చలీ రెండూ కలిపి చూడండి.

నల్లకోటు
ఒక సవరణ. ఆ శిక్ష ఇప్పుడు లేదు. ఆరు రోజులు జైల్లో ఉన్నాక అప్పీలు తేలేదాకా వదిలారు. 2024 నవంబరు 21న ఇల్లినాయ్ సుప్రీంకోర్టు కేసు మొత్తం కొట్టేసింది. అలాగని ఆయన నిర్దోషి అని కోర్టు అనలేదు. 2019లోనే ప్రభుత్వం ఆయనతో ఒప్పందం మీద కేసు ఎత్తేసింది. 10,000 డాలర్ల పూచీ డబ్బు వదులుకున్నాడు, సమాజ సేవ చేశాడు. మాట ఇచ్చి, అతను తన వంతు నెరవేర్చాక, మళ్ళీ స్పెషల్ ప్రాసిక్యూటర్ని పెట్టి అదే కేసు నడపడం న్యాయం కాదంది. స్మొలెట్ మాత్రం మొదటి నుంచీ నేను అబద్ధమాడలేదనే అంటున్నాడు.

కాలవగట్టు
చూశారా! పలుకుబడి ఉన్నవాడికి ఎక్కడైనా దారి దొరుకుతుంది. మా నాన్నకి ఎవరూ ఒప్పందం ఇవ్వలేదు.

లెక్కలమాష్టారు
ఆ 1,20,106 ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. పోలీసుల ఓవర్‌టైముకి 1,30,106 డాలర్లు అయిందని నగరం లెక్క. అందులో ముందే వదులుకున్న 10,000 తీసేస్తే 1,20,106. అప్పటి మారకంలో మన 90 లక్షల పైమాటే. నా ప్రశ్న ఏమిటంటే, జీతం తీసుకునే పోలీసు దర్యాప్తు చేసినందుకు ఫిర్యాదుదారు చేత డబ్బు కట్టించడమేమిటి? రేపు మనకిక్కడ అదే పద్ధతి వస్తే, పేదవాడు ఫిర్యాదు చేసే ముందు పోలీసు జీపు డీజిలు లెక్క వేసుకోవాలా?

పూతరేకు
అబద్ధం ఆడినవాడు కట్టాలి మాష్టారూ. నిజం చెప్పినవాణ్ణి ఎవరడిగారు?

లెక్కలమాష్టారు
అబద్ధమని తేలేది చివర్లో. భయం పుట్టేది మొదట్లో. నేను చెప్పేది ఆ వరుస గురించి. 90 లక్షల అంకె పేపర్లో చూసినవాడు నిజం చెప్పడానికి కూడా వెనకాడతాడు.

కాలవగట్టు
మాష్టారూ, భయం గురించి నేను చెబుతాను. మా నాన్నకి నాలుగున్నర ఎకరాలు. ఆ ఏడు దాళ్వాకి నీళ్ళు వంతులవారీగా ఇస్తున్నారు. రాత్రి మా వంతు. తూము దగ్గర చెక్క ఎవరో ఎత్తేశారని టార్చిలైటు పట్టుకుని వెళ్ళాడు. దిగువ చేను కౌలుకి చేసే అతను అక్కడే ఉన్నాడు. మాటా మాటా పెరిగింది. మర్నాడు సాయంత్రానికి అట్రాసిటీ కేసు. కులం పేరుతో తిట్టాడని, బోదెలోకి తోశాడని. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. నాలుగేళ్ళు వాయిదాలు. మొదటి బస్సుకి బయల్దేరి టిఫిను కూడా చేయకుండా కోర్టు వరండాలో కూర్చునేవాడు. చివరికి కొట్టేశారు. ఆ నాలుగేళ్ళకీ ఎవరు జవాబు చెప్పారు? కేసు పెట్టినతను మా వీధిలోంచే సైకిలు మీద వెళ్ళేవాడు. అతని మీద ఈగ వాలలేదు. ఇది దొంగ కేసు కాక ఏమిటి? అందుకే చెబుతున్నాను, స్మొలెట్‌కి పడ్డట్టు పడాలి.

అంతర్వేది అల
చాలా బాధగా ఉందండి. మా బంధువుల్లోనూ ఒకరికి ఇలాగే అయింది.

నల్లకోటు
అబద్ధపు కేసు పెట్టినవాళ్ళని శిక్షించే సెక్షన్లు మనకీ ఉన్నాయి. పాత ఐపీసీలో 182, 211. ఇప్పుడు న్యాయ సంహితలో 217, 248. తప్పుడు సమాచారం ఇస్తే ఏడాది దాకా, కావాలని తప్పుడు నేరం మోపితే ఐదేళ్ళ దాకా, మోపిన నేరం మరీ పెద్దదైతే పదేళ్ళ దాకా జైలు. అయితే అబద్ధమని, కావాలనే పెట్టాడని విడిగా నిరూపించాలి. కేసు కొట్టేశారు అంటే అబద్ధమని తేలినట్టు కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడడం వల్లే సగం గొడవ.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద అరెస్టుకి ముందు అనుమతి ఉండాలని, ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని అంది. దేశమంతా బంద్ జరిగింది. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షను తెచ్చి ఆ రెండూ అక్కర్లేదంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. తెలియక ఇప్పటికీ పాత మాటే చెప్పేవాళ్ళు స్టేషన్లలో కూడా ఉన్నారు.

తూర్పుగాలి
మాకు చెప్పారండి ఆ పాత మాటే. ముందు ఎంక్వయిరీ చేసుకోవాలి, ఈలోగా రాజీ పడండి, కుర్రాడి భవిష్యత్తు చూసుకోండి అన్నారు. పదకొండు రోజుల తర్వాత జిల్లా కేంద్రంలో సోమవారం అర్జీ ఇస్తేనే కాగితం కదిలింది.

ఒకటి అడుగుతాను. ద్రాక్షారామం దగ్గర వెంకటాయపాలెం మనందరికీ తెలిసిన ఊరే. 1996 డిసెంబరు 29న ఐదుగురు దళితుల్ని హింసించి, ఇద్దరికి గుండు గీయించారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు ఎప్పుడొచ్చింది? 2024 ఏప్రిల్ 16న. ఇరవై ఏడేళ్ళు దాటాక. శిక్ష 18 నెలలు. చికాగోలో అబద్ధం చెప్పినవాడికి మూడేళ్ళు దాటగానే శిక్ష వేశారు. ఇక్కడ నిజం చెప్పినవాళ్ళు ఇరవై ఏడేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. ముందు ఇది మాట్లాడకుండా దొంగ కేసులకి బుద్ధి చెప్పాలంటే ఆ బుద్ధి ఎవరికి తగులుతుందండి?

కాలవగట్టు
అదేమిటండి, నేనొకటంటే మీరొకటంటారు. వెంకటాయపాలెంలో జరిగింది ఘోరం. ఎవరు కాదన్నారు? దానికీ మా నాన్నకీ ఏమిటి సంబంధం? అక్కడెవరో చేసినదానికి మా నాన్న నాలుగేళ్ళు వరండాలో కూర్చోవాలా?

తూర్పుగాలి
మీ నాన్నగారి కేసులో సాక్షులెవరండి?

కాలవగట్టు
దానికేముంది, ఇద్దరున్నారు. ఆ రాత్రి తూము దగ్గరున్నవాళ్ళే. మాకేమీ వినబడలేదని కోర్టులో చెప్పారు. అంతకంటే ఏం కావాలి?

తూర్పుగాలి
వాళ్ళు ఎవరని అడిగాను.

కాలవగట్టు
మా చేలో పనికొచ్చేవాళ్ళు. అయితే?

తూర్పుగాలి
అయితే ఏముందండి. మీ చేలో కోతకొచ్చి, మీ కళ్ళంలో ధాన్యం పట్టే మనుషులు, మీ నాన్నగారు ఎదురుగా నిలబడి ఉండగా కోర్టులో ఏం చెబుతారు?

కాలవగట్టు
అంటే మా నాన్న సాక్షుల్ని బెదిరించాడంటారా? మీరు మా నాన్నని చూశారా? ఊళ్ళో ఎవరినైనా అడగండి. చిన్నా పెద్దా అందరినీ పేరుకి గారు తగిలించి పిలిచే మనిషి. ఎవరో తెలియని ఆవిడ ఫోను పట్టుకుని కూర్చుని మా నాన్నని అంటుంటే నేను పడాలా? మోడరేటరు గారు చూస్తున్నారా?

పూతరేకు
తూర్పుగాలి గారూ, పోయిన మనిషి గురించి అలా అనకూడదండి.

తూర్పుగాలి
పోయారని నాకు తెలియదు. క్షమించండి. ఆయన బెదిరించారని నేననలేదు. బెదిరించనక్కర్లేదు అంటున్నాను. ఎవరూ ఏమీ అనకపోయినా నోరు పెగలదు. అది మీకు ఎప్పుడూ తెలియాల్సిన అవసరం రాలేదు.

పులస
ఒక్క మాట. స్మొలెట్ విషయంలో కూలివాళ్ళు లేరు కదా. ఆయనే చెక్కు ఇచ్చినవాడు.

లెక్కలమాష్టారు
పులస గారూ, ఇప్పుడు అది వదిలేయండి. కాలవగట్టు గారూ, ఆ రాత్రి తూము దగ్గర మీరున్నారా?

కాలవగట్టు
లేను మాష్టారూ. అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం. మర్నాడు పొద్దున్న అమ్మ ఫోను చేసింది. పండక్కి వచ్చినప్పుడు అడిగితే, నీళ్ళ దగ్గర మాట మాట అనుకున్నాంరా, అంతే అన్నాడు నాన్న. ఇంకేం చెప్పలేదు.

నేను శిక్ష అడుగుతున్నది పగతో కాదు. ఆ కేసు కొట్టేసిన రోజున కూడా ఊళ్ళో ఎవరూ వచ్చి, పోన్లెండి తేలిపోయింది అనలేదు. ఆ కౌలు అతను ఒక్కమాట, పొరపాటైందండి అని ఉంటే మా నాన్న అలా అయ్యేవాడు కాదు. కేసయ్యాక ఒక్కసారి కూడా ఆ తూము దగ్గరికి వెళ్ళలేదు. వంతు వస్తే మనిషిని పంపేవాడు. టార్చిలైటు ఇంకా గోడకే వేలాడుతోంది. మా వాళ్ళెవరి నోటా కొట్టేశారు అనే మాట కూడా రాదు, బయటపడ్డాడు అంటారు. బయటపడడమేమిటండి, తప్పు చేసినవాడిలాగా?

నల్లకోటు
తీర్పు కాపీ ఉంటే చివరి రెండు పేజీలు చూడండి. ఫిర్యాదు అబద్ధమని రాశారా, ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది కాబట్టి సందేహం ముద్దాయికి అనుకూలం అని రాశారా?

కాలవగట్టు
బీరువాలో ఉంది. చూశాను. సందేహం అనే ఉంది. సాక్షులిద్దరూ హాస్టైల్ అయ్యారని, అంటే ముందు చెప్పిన మాట మార్చారని ఉంది.

కానీ మా నాన్న ఆ మాట అని ఉండడు. నాకు తెలుసు.

తూర్పుగాలి
మీకు తెలిసినట్టే ఆ కౌలు చేసిన అతని పిల్లలకీ వాళ్ళ నాన్న చెప్పింది నిజమని తెలిసి ఉంటుందండి. నేను మీతో తగువు పెట్టుకోవడం లేదు. దొంగ కేసు అన్న ఆ ఒక్క మాట వాడొద్దంటున్నాను. ఆ మాట మా అమ్మ స్టేషనులో పదకొండు రోజులు విన్నది. దొంగ కేసు కాదు కదా అమ్మా, పైసల కోసం కాదు కదా అని.

కాలవగట్టు
మరి దాన్ని ఏమనాలి? నాలుగేళ్ళు పోయాయి. దానికో పేరుండాలి కదా.

లెక్కలమాష్టారు
ఆలస్యం అనండి. ఆయనకి నాలుగేళ్ళు, ఆ కౌలు మనిషికీ నాలుగేళ్ళు. చట్టం ఛార్జిషీటు పడ్డ రెండు నెలల్లో వీలైనంతవరకూ విచారణ ముగించమంటోంది.

కాలవగట్టు
ఆలస్యం అంటే సరిపోదు మాష్టారూ.

అంతర్వేది అల
తూర్పుగాలి గారూ, మీ తమ్ముడి కేసు ఎంతదాకా వచ్చింది?

తూర్పుగాలి
వచ్చే నెల సాక్షుల వాయిదా అండి. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు, సంతకం పెట్టింది ముగ్గురు. ఒకబ్బాయి గల్ఫు వెళ్ళిపోయాడు. ఇంకొకాయన వస్తానంటున్నాడు. మూడో ఆవిడ మా మేనత్త. ఆవిడ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. షెడ్డు కొట్టినవాళ్ళ చుట్టాలది. మొన్న ఆదివారం ఇంటికి వెళ్తే టీ ఇచ్చింది, వాయిదా మాట ఎత్తగానే లేచి వెళ్ళి ఎండబెట్టిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి.