శిఖంలో తీతువు గుడ్లు: గుర్తు పెట్టాలా, వదిలేయాలా?

చెరువుగట్టు:
ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువు శిఖంలో (నీళ్ళు నిలిచే నేలలో) నడిస్తే తీతువు గుడ్లు కాళ్ళ దగ్గరే ఉంటాయి. అటు వేసవి దుక్కులు, ఇటు పూడికమట్టి ట్రాక్టర్లు. చుట్టూ రాళ్ళు పేర్చి, ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతితే డ్రైవరుకు కనబడుతుంది. చూసి ఊరుకోవడం కంటే అది మేలు కాదా?

దుర్భిణి:
డ్రైవరు కంటే ముందు కాకికి కనబడుతుంది. తీతువుది గూడు కూడా కాదు. నేలలో చిన్న గుంట, అంచున గులకరాళ్ళు, మేక పెంటికలు. మట్టిరంగు మీద నల్లమచ్చలతో మామూలుగా నాలుగు గుడ్లు, మొనలు లోపలికి. కంటికి ఆనకపోవడమే వాటికి రక్ష. పైగా మీరు రాళ్ళు పేర్చినంతసేపూ పిట్ట గుడ్ల దగ్గరికి రాదు. మిట్టమధ్యాహ్నం అది వెచ్చదనం కోసం కాదు, నీడ పట్టడానికి నిలబడుతుంది. పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి మరీ చల్లబరుస్తుంది. అప్పుడు లేపితే గుడ్డులో పిండం ఉడికిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టం గుడ్లనూ గూటినీ చెదరగొట్టడాన్ని ‘వేట’లోనే లెక్కేసింది.

నల్లరేగడి:
కాకి సంగతి నిజమే గానీ దుర్భిణి గారూ, కల్టివేటరుకు మచ్చల గుడ్లయినా ఒకటే, మట్టిగడ్డయినా ఒకటే. గుడ్లు పొదగడానికి 28-30 రోజులు. అన్నాళ్ళు దుక్కి ఆగదు. గుర్తు పెట్టండి, గుడ్ల దగ్గర మాత్రం కాదు. సాలు వెంబడే అటు పదడుగులు, ఇటు పదడుగుల దూరంలో రెండు కందికట్టెలు. మొదటి కట్టె దగ్గర కల్టివేటరు ఎత్తి, రెండోది దాటాక దించితే చాలు. కట్టె సన్నగా, మోకాలెత్తే ఉండాలి. లావుపాటి పొడుగు కర్రయితే కాకికి పీట వేసినట్టే. పొద్దున 8 లోపు పాతేయాలి. గుడ్డపీలిక అక్కర్లేదు, రైతుకు నోటితో చెప్పండి.

చెరువుగట్టు:
దగ్గరికి పోకుండా చోటు తెలిసేదెలా? నెత్తిమీదికి దూకుతూ అరిచే చోటేనా?

దుర్భిణి:
అలా దూకితే చాలాసార్లు పిల్లలున్నట్టు. గుడ్ల మీదున్న పిట్ట మనిషిని దూరం నుంచే చూసి, తల వంచి చప్పుడు లేకుండా పరుగెత్తి, ఇంకోచోట లేచి అరుస్తుంది. గట్టు మీద తుమ్మ నీడన కూర్చుని బైనాక్యులర్‌తో చూడండి. కాసేపటికి తిరిగొచ్చి కుదురుగా కూర్చున్న చోటే గుడ్లు. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజే నడుస్తాయి, తల్లి అరవగానే నేలకు కరుచుకుపోతాయి. దిక్కులేనివని ఇంటికి తేకండి.

చెరువుగట్టు:
సరే, దుక్కికి ఒప్పుకుంటా. పూడిక తీసే జేసీబీ మాటేంటి? దానికి ఎత్తి దించే సాలు ఉండదుగా.

నల్లరేగడి:
అక్కడ కట్టెలు పనిచేయవన్నా. తవ్వకం శిఖం అవతలి కొసన మొదలుపెట్టమని కాంట్రాక్టరును అడగాలి. నెల దొరికితే చాలు.

దుర్భిణి:
ఫోటో పెడితే లొకేషన్ తీసేసి పెట్టండి.