రికంబెంట్ సైకిల్: ఎత్తులో బయల్దేరేటప్పుడు రెండో కాలు క్లిప్ అవ్వట్లేదు

నెల కింద సెకండ్ హ్యాండ్‌లో రికంబెంట్ (వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకి చాపి తొక్కే సైకిల్) కొన్నాను, రెండు చక్రాలదే. పెడల్స్ సీటు కన్నా కొంచెం పైనే ఉంటాయి. వాటి స్థానంలో ఎస్‌పీడీ పెడల్స్ (బూటు అడుగున బిగించిన క్లీట్ అనే లోహపు ముక్కని పట్టుకునేవి), రెండు వైపులా క్లిప్ అయ్యేవి వేయించాను. ఇలాంటి పెడల్స్‌నే క్లిప్‌లెస్ అంటారు, ఇంతకుముందు ఎప్పుడూ వాడలేదు. (పేరు క్లిప్‌లెస్, పనేమో క్లిప్ అవ్వడం!)

సమస్యంతా బయల్దేరేటప్పుడే. ఎడమ కాలు క్లిప్ చేసి, కుడి కాలు నేల మీద ఉంచి, ఎడమ పెడల్‌ని ఒక్క తోపు తోస్తాను. కుడి కాలు పైకెత్తేసరికి ఆ పక్క పెడల్ తిరిగిపోయి ఉంటుంది. నా అరికాలు ముందుకి చూస్తుంటే అదేమో ఆకాశంలోకి చూస్తుంటుంది. బూటు కొనతో తట్టి తిప్పుకునేలోపే బండి ఆగి పక్కకి ఒరుగుతుంది. మూడుసార్లు పడ్డాను, మోచెయ్యి గీసుకుపోయింది.

హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన సోలార్ కప్పు కింది సైకిల్ ట్రాక్ మీద, చదునులో, పదికి ఎనిమిదిసార్లు కుదురుతోంది. బంజారాహిల్స్ ఎత్తులో సిగ్నల్ దగ్గర ఆగితే పదికి రెండే. వెనక ఆటోల హారన్లు సరేసరి.

3 ఎంఎం అలెన్ కీతో పెడల్ స్ప్రింగ్ పూర్తిగా వదులు చేశాను. క్లీట్లు మడమ వైపుకి జరిపాను. బూమ్ (ముందు పెడల్స్‌ని మోసే గొట్టం) 1 సెం.మీ. లోపలికి నెట్టాను. ఆగేముందే తేలిక గేరులోకి దించుతున్నాను. గోడ పట్టుకుని క్లిప్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు, విడిపించుకోవడంలో కూడా లేదు.

రికంబెంట్ మీద ఎస్‌పీడీ వాడేవాళ్లు చెప్పండి: ఎత్తులో కుడి కాలు క్లిప్ అయ్యేదాకా ఎడమ కాలితోనే తొక్కుతారా, లేక ఒక పక్క చదునుగా ఉండే పెడల్ వేసుకుని ముందు దానిమీదే తొక్కేస్తారా?