రాతి పలకలు: అక్కడ "చెక్కు" ఒక పనా, రెండు పనులా?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు, మోషేకి దేవుడిచ్చినవి "రాతి పలకలు" అని బైబిల్లో ఉంది కదా, పలక అంటే పిల్లలు బలపంతో రాసి చెరిపేసేది, పది ఆజ్ఞలకి ఆ మాట మరీ చిన్నదైపోలేదా, "శిలాఫలకం" అనుంటే బాగుండేది కదా అని. కామెంట్లో రాయబోతే పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నానండి.

నన్నడిగితే పలకే సరైన మాట. హీబ్రూలో అక్కడున్నది "లూఖోత్", ఒక్కటైతే "లూఅఖ్", అదేమీ గుడి మాట కాదు. నిర్గమకాండం 27లో బలిపీఠం చేసే చెక్కలకీ అదే, యెహెజ్కేలు 27లో ఓడ చెక్కలకీ అదే, ఇప్పటి ఇజ్రాయెల్లో క్లాసులో బోర్డుకీ గోడ మీద క్యాలెండర్‌కీ కూడా అదే మాట. మనకీ అంతే కదా, చెక్క పలక, రాతి పలక, బడి పలక, అన్నీ పలకలే.

సామెతలు 3:3లో "హృదయమను పలకమీద వ్రాసికొనుము" అన్నచోట కూడా హీబ్రూలో ఇదే లూఅఖ్. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు రాతి పలకనీ "మెత్తని హృదయములు అను పలకల"నీ పక్కపక్కన పెడతాడు. మా అమ్మమ్మ ఈ వాక్యం చదువుతుంటే నాకు బొగ్గూ దొండాకూ కలిపి రుద్దిన నా నల్ల పలకే కళ్ళ ముందుకొచ్చేది, అదే శిలాఫలకం అని ఉంటే ఏడేళ్ళ పిల్లకి ఏం కనబడేది చెప్పండి.

నాకు అసలు వెలితి అనిపించేది పలక దగ్గర కాదు, "చెక్కు" దగ్గర. నిర్గమ 32:16లో మొదటి జత గురించి, పలకలూ దేవుడు చేసినవే, వాటిమీద "చెక్కబడిన" వ్రాతా దేవుడిదే అని ఉంటుంది, అక్కడ హీబ్రూ మాట "ఖారూత్", అంటే అక్షరం రాతిలోకి దిగడం. ఆ జతని మోషే కొండ కింద పగలగొట్టేశాక, 34:1లో మొదటి వాటిలాంటివి ఇంకో రెండు నువ్వే "చెక్కుము" అంటాడు దేవుడు. ఇక్కడ హీబ్రూ మాట వేరే, "పాసల్", అంటే బండని కొట్టి పలకగా తియ్యడం. రాయి తియ్యడం మోషే పని, దాని మీద రాత మాత్రం మళ్ళీ దేవుడిదే అని అదే వచనం చెబుతుంది. తెలుగులో రెండుచోట్లా చెక్కడమే కాబట్టి వినేవాళ్ళకి ఈ తేడా అందదు. ఇంకో సంగతి, రెండో ఆజ్ఞలో చేసుకోవద్దన్న విగ్రహానికి హీబ్రూలో "పెసెల్" అంటారు, అదీ ఈ పాసల్ ధాతువే! మోషే కొండ మీదుండగా జనం బంగారు దూడని చేసుకుని మొక్కిన గొడవ అయిన వెంటనే అదే ధాతువుతో మోషేకి పని చెప్పడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఖారూత్ హీబ్రూ బైబిల్ మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. యూదు పెద్దలు దీన్ని పట్టుకుని, తమ పెద్దల సూక్తుల పుస్తకం పిర్కే అవోత్ 6వ అధ్యాయంలో, దాన్ని ఖారూత్ అని కాదు "ఖేరూత్" అని చదవండి అంటారు, అంటే స్వేచ్ఛ. హీబ్రూలో అచ్చులు రాయరు కాబట్టి రెండూ ఒకేలా కనబడతాయి, చెక్కిన శాసనంలోనే విడుదల ఉందని వాళ్ళ భావం. ఇది తెలుగులోకి తేవడం ఎవరివల్లా కాదేమో.

కానీ పాసల్‌కి మాట దొరుకుతుందనే అనుకుంటున్నా. "మలచు" అంటే శిల్పం అయిపోతుంది, "తొలుచు" అంటే రంధ్రం పెట్టినట్టుంటుంది. తిరగలికి కక్కు కొట్టడం అంటాం, అది గరుకు చెయ్యడానికే. క్వారీ పనుల్లో ఉన్నవాళ్ళు గ్రూపులో ఉంటే, బండలోంచి పలక తియ్యడాన్ని మీ వైపు ఏమంటారో దయచేసి రాయండి.