ఎమ్మెల్యే నెలవారీ సమాచార పత్రం: పని సంగతి జీవో వచ్చిన రోజే చెప్పాలా, అగ్రిమెంట్ అయ్యాకే చెప్పాలా?

పత్తికొండ_పడమర (చర్చ మొదలుపెట్టినది):
కర్నూలు జిల్లాలో ఎమ్మెల్యేల కార్యాలయాల నుంచి నెలకోసారి వాట్సాప్‌లో సమాచార పత్రాలు వస్తున్నాయి. పార్టీ ఏదైనా తీరు ఒకటే. ముందు రోడ్లకు ఇన్ని కోట్లు, తర్వాత తాగునీటికి ఇంత, ఆపైన సీఎం సహాయనిధి చెక్కుల ఫొటోలు, చివర పెన్షన్ల లెక్క. జీవో వచ్చినప్పుడు ఒకసారి కనబడిన రోడ్డు శంకుస్థాపనప్పుడు మళ్లీ కనబడుతుంది, పని మొదలైనప్పుడు ఇంకోసారి. చదివేవాళ్లు మూడు రోడ్లు వచ్చాయనుకుంటారు.

నా వాదన ఇది. కాంట్రాక్టరుతో అగ్రిమెంట్ అయ్యేదాకా ఏ పనినీ అందులో వేయకూడదు. పాలనా అనుమతి జీవో అంటే ఫలానా మొత్తం వరకు ఖర్చుకు ప్రభుత్వం ఒప్పుకుందని, అంతే. ఆ తర్వాత ఎస్టిమేటుకు సాంకేతిక అనుమతి కావాలి, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు పిలవాలి, టెక్నికల్ బిడ్, ప్రైస్ బిడ్ తెరవాలి, అగ్రిమెంట్ రాయాలి, సైటు అప్పగించాలి. ఎక్కువ పనులు ఆగేది టెండరు దగ్గరే. పాత బిల్లులు పడలేదని కాంట్రాక్టర్లు ముందుకు రారు. టెండరు మళ్లీ పిలుస్తూ రెండో కాల్, మూడో కాల్ అంటూ నెలలు గడుస్తాయి. ఈలోపు జనం గ్రామ సచివాలయానికి పోయి "మా రోడ్డు ఏమైంది" అని అడిగితే అక్కడి ఇంజనీరింగ్ అసిస్టెంటు దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

ఎం_బుక్:
దీనికి నేను ఒప్పుకోను. అగ్రిమెంట్ అయ్యాక చెబితే ఊరు చేయగలిగింది ఏమీ మిగలదు. ఎస్టిమేటు తయారయ్యేటప్పుడే జనం మాట చెల్లుతుంది. వీధిలో తాగునీటి పైపు రోడ్డు మధ్యలో ఉందా, పక్కన ఉందా? మురుగుకాలువ ఏ వైపుకు వాలు? రోడ్డు ఎత్తు పెంచితే ఎవరి ఇంట్లోకి నీళ్లు పోతాయి? ఇవి ఊరివాళ్లకే తెలుసు. ఎస్టిమేటులో పైపు మార్చే పద్దు లేకపోతే పైపు మీదే కాంక్రీటు పడుతుంది. ఏడాది తిరిగేలోపు లీకేజీ వచ్చి కొత్త రోడ్డును పగలగొడతారు. అగ్రిమెంట్ అయ్యాక ఆ పద్దు చేర్చాలంటే సప్లిమెంటరీ ఎస్టిమేటు కావాలి, దానికి మళ్లీ పైఅధికారి అనుమతి కావాలి. చాలాచోట్ల అంత దూరం పోరు, ఉన్నదున్నట్టు కానిచ్చేస్తారు.

కాబట్టి జీవో వచ్చిన వారంలోనే చెప్పాలి. కాకపోతే కోట్ల లెక్కగా చెబితే చాలదు, కొలతలతో చెప్పాలి. ఏ వీధి, ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, వెడల్పు, మందం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 10 సెంటీమీటర్లే వేస్తే 30 ఘనపు మీటర్లు. మూడో వంతు పోయినట్టే. అంచు దగ్గర ఫారం (కాంక్రీటు ఆపడానికి నిలబెట్టే పలక) ఎత్తు 15 సెంటీమీటర్లు ఉంటుంది, బయటి నుంచి చూస్తే అంతా సరిగ్గానే కనబడుతుంది. తగ్గేది నడిమధ్యలో, కింద మట్టి ఉబ్బెత్తుగా వదిలేసిన చోట. కాంక్రీటు పోసే ముందు రెండు ఫారాల మీద తాడు బిగించి, మధ్యలో టేపుతో లోతు చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. గట్టిపడ్డాక తేలాలంటే రోడ్డుకు రంధ్రం వేసి ముక్క (కోర్) తీయాల్సిందే. మందం ఎంతో ముందే పత్రంలో ఉంటే ఊళ్లో ఎవరైనా ఈ పని చేయగలరు.

పత్తికొండ_పడమర:
కొలతలు వేయడానికి నాకు అభ్యంతరం లేదు సార్. డబ్బు అంకె వేయడమే నాకు పడదు.

ఆదోని_లెక్క:
ఆ అంకెలోనే ఇంకో చిక్కు ఉంది. కోటి రూపాయల ఎస్టిమేటు అంటే కోటి రూపాయల రోడ్డు కాదు. 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు అందులోనే కలిసి ఉంటాయి. ఈ రెండూ తీస్తే అసలు పని విలువ 84 లక్షల దగ్గరకు వస్తుంది. కాంట్రాక్టరు తక్కువకు కోట్ చేస్తే ఇంకా తగ్గుతుంది. కోటి విన్నవాళ్లు 84 లక్షల పని చూసి మిగతాది తిన్నారనుకుంటారు. అటు ఎమ్మెల్యేకూ చెడ్డపేరు, ఇటు ఇంజనీరుకూ చెడ్డపేరు.

అంతకన్నా ముఖ్యంగా అడగాల్సింది డబ్బు ఏ పద్దు నుంచి వస్తోందని. ఆ ఒక్క వివరంతో పని నడుస్తుందా, నిలుస్తుందా అన్నది చాలావరకు ఊహించవచ్చు. ఉపాధి హామీ కింద అయితే, 2005 చట్టం లెక్కలో కూలికి 60, సామగ్రికి 40. కూలి పనులు జరిగితేనే సీసీ రోడ్లకు సామగ్రి డబ్బు పుడుతుంది. 15వ ఆర్థిక సంఘం (2021-26) పంచాయతీ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినవి, వాటితో రోడ్డు వేయలేరు. తాడిపత్రి, కొలిమిగుండ్ల లాంటి సున్నపురాయి ప్రాంతాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంటుంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల నుంచి రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవాటి నుంచి 10 శాతం అందులో పడాలి. రాష్ట్ర బడ్జెట్ పద్దు అయితే కేటాయింపు వేరు, విడుదల వేరు. బడ్జెట్ విడుదల ఉత్తర్వు రానిదే బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కించినా డబ్బు రాదు.

హంద్రీనీవా_చివర:
రోడ్ల సంగతి సరే అన్నా, నీళ్ల కాడికి రాండి. "ఫలానా చెరువుకు నీళ్లు వదిలినాం" అని స్విచ్ వేసే ఫొటో పెడతారు. రైతుకు కావాల్సింది ఆ రోజు కాదు, చెరువు ఎప్పటికి నిండుతాదనేది.

లెక్క కష్టమేం కాదు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, రోజంతా పారితే 86,400. 50 ఎంసీఎఫ్‌టీ (5 కోట్ల ఘనపుటడుగులు) చెరువుకు 10 క్యూసెక్కులు వదిలితే నిండడానికి 58 రోజులు. అది కూడా మోటార్లు ఒక్క గంటా ఆగకుండా తిరిగితే. హంద్రీనీవా కాలువ మీది లక్కసాగరం పంప్‌హౌస్ నుంచి 68 చెరువులు నింపే పథకం 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. ఇట్లాంటి ప్రెషర్ పైపులైన్ల మీద ఎయిర్ వాల్వు మొరాయిస్తే ఎత్తు మీద గాలి ఇరుక్కుని కిందికి నీళ్లు తగ్గిపోతాయి. కరెంటు ట్రిప్ అయితే మళ్లీ లైను నిండేదాకా చివరి చెరువుకు చుక్క రాదు. ఆ చెరువు కింద వేరుశనగ వేయాలా, కంది వేయాలా, ఊరికే పెట్టాలా అనేది ఈ లెక్క మీదనే ఉంటాది.

కాబట్టి నీళ్ల విషయంలో ఎన్ని క్యూసెక్కులు వదిలినారు, ఏ తేదీ నుంచి, చెరువు గేజీ ఈ రోజు ఎన్ని అడుగులు, ఇవి వారం వారం రావల్ల. నెలకోసారి చాలదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకపోయినప్పుడు ఎల్లెల్సీ, హెచ్చెల్సీ (దిగువ, ఎగువ కాలువలు) కింద నాట్లేసినోళ్లు అడిగింది ఒకటే, కాలువ ఎన్నాళ్లు పారుతాది అని. అట్లాంటప్పుడు రోజూ చెప్పినా తప్పులేదు.

కడప_గడప:
చెక్కుల ఫొటోల మీద ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నా. సీఎం సహాయనిధి లబ్ధిదారుల జాబితాలో పేరు, ఊరు, జబ్బు, మొత్తం, కొన్నిసార్లు ఆధార్ కార్డు నకలు కూడా వాట్సాప్‌లో తిరుగుతోంది. క్యాన్సర్ అని, కిడ్నీ పోయిందని ఊరంతా తెలిస్తే ఆ ఇంట్లో పిల్లల పెళ్లి సంబంధాలకే ఇబ్బంది. సహాయం తీసుకున్నందుకు జబ్బును చాటుకోవాల్సిన పని లేదు.

ఆదోని_లెక్క:
కానీ పేర్లు లేకపోతే డబ్బు నిజంగా ఎవరికి పోయిందో తెలియదు కదా? నకిలీ ఆసుపత్రి బిల్లులతో ఈ నిధిని కాజేసిన కేసులు మన రాష్ట్రంలోనే వచ్చాయి.

కడప_గడప:
నకిలీ బిల్లు పట్టుకునేది అసలు బిల్లునూ డిశ్చార్జి సమ్మరీనీ ఆసుపత్రి రికార్డుతో సరిపోల్చినప్పుడు. ఊళ్లో ఫొటో చూసి ఎవరూ పట్టుకోలేరు. పత్రంలో మండలాల వారీగా దరఖాస్తులు ఎన్ని పోయాయి, ఎన్నింటికి సహాయం వచ్చింది, ఎన్ని ఆగాయి, దేనివల్ల ఆగాయి అన్నవి చాలు. అన్నింటికన్నా ముందు వేయాల్సింది గడువు. చెక్కు మీదున్న తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. పంపిణీ సభ కోసం చెక్కులు కార్యాలయంలో ఆపితే ఆ రోజులు కరిగిపోతాయి. పైగా చెక్కు మీద పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒక అక్షరం తేడా ఉన్నా బ్యాంకువాళ్లు వెనక్కి పంపొచ్చు. దిద్దించుకోవాలంటే చెక్కు మళ్లీ రాష్ట్ర సచివాలయానికి పోవాలి. "చెక్కులు వచ్చాయి, వచ్చి తీసుకోండి, పేరు సరిచూసుకోండి, ఫలానా తేదీలోపు వేసుకోండి" అన్న ఒక్క వాక్యం ఎన్నో ఇళ్లకు ఉపయోగం.

పత్తికొండ_పడమర:
చెక్కుల సంగతిలో మీతో ఏకీభవిస్తున్నాను. పనుల దగ్గరికి మళ్లీ వస్తే, ఎం_బుక్ గారు, జీవో దశలోనే వేయమంటున్నారు కదా. ఆగిపోయిన పనిని తర్వాత నెల పత్రంలో ఎవరు వేస్తారు? ఏ ఎమ్మెల్యే కార్యాలయమూ "మూడో కాల్‌కూ టెండరు రాలేదు" అని రాయదు.

ఎం_బుక్:
రాయరని మనమే వదిలేస్తే ఎప్పటికీ రాయరు. ఒకసారి పేరెక్కిన పని బిల్లు చెల్లించేదాకా ప్రతి నెలా అదే వరుసలో ఉండాలని అడగాలి. ఒక్కో పనికి ఇంత రాస్తే సరిపోతుంది:

"ఎస్సీ కాలనీ సీసీ రోడ్డు, రామాలయం నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకు వరకు. 100 × 3 × 0.15 మీటర్లు. నిధి: ఉపాధి హామీ సామగ్రి. పాలనా అనుమతి: తేదీ. సాంకేతిక అనుమతి: తేదీ. ఈ నెల దశ: పైపు మార్పిడి జరుగుతోంది. అడ్డంకి: లేదు. అడగాల్సింది: పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)ని."

రూపాయలు వేస్తే అగ్రిమెంట్ విలువ వేయమనండి. ఎస్టిమేటు విలువ వద్దు. ఆ మేరకు మీ మాటే నా మాట.

మండల_సమాచారం:
పత్రంలో లేకపోతే అడిగి తెప్పించుకునే దారి ఉంది. సమాచార హక్కు కింద గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా రోడ్డు వివరాలు ఇవ్వండి" అని రాస్తే అరపేజీ జవాబు వస్తుంది. "మంజూరైన ఎస్టిమేటు నకలు, అగ్రిమెంట్ నకలు, ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఆ పని కొలతల పేజీల నకళ్లు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక" అని విడివిడిగా అడగాలి. అభిప్రాయాలు, ఎందుకు, ఎవరి తప్పు లాంటివి అడిగితే తిరస్కరిస్తారు.

పత్తికొండ_పడమర:
జీవో కాపీ కోసం కూడా ఇదే దారేనా?

మండల_సమాచారం:
అక్కర్లేదన్నా. 2021 ఆగస్టులో జీవోలు ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు గానీ, 2024 నుంచి జీవోఐఆర్ వెబ్‌సైటులో మళ్లీ పెడుతున్నారు. అక్కడే వెతికి తీసుకోవచ్చు. అయితే పత్రంలో ఊరికే నంబరు వేస్తే దొరకదు. ఒక్కో శాఖకు నంబర్ల వరుస వేరు, ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, పైగా ఎంఎస్ (ముఖ్యమైనవి), ఆర్టీ (రోజువారీ పాలనవి) అంటూ రకాలున్నాయి. శాఖ పేరు, ఎంఎస్సా ఆర్టీనా, నంబరు, తేదీ, ఈ నాలుగూ వేయమనండి.