సమస్యాపూరణం: "అబల యను మాట బలమని యర్థమిచ్చె"

నిర్వహణ (పర్లాకిమిడి): ఈ వారం తేటగీతి ఛందస్సులో చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో ఆడవాళ్ల పేర్లు "స్త్రీ యోషిదబలా" అని మొదలై, కొంచెం ముందుకెళ్లేసరికి "మహిళా" కూడా వస్తుంది. ఒకటి బలం లేనిది, ఇంకొకటి పూజించడం అనే అర్థమున్న "మహ" ధాతువు నుంచి పుట్టిందంటారు. తక్కువైనా చేశారు, దేవతనైనా చేశారు గానీ పక్కన సమానంగా నిలబెట్టే మాట ఈ రెంటిలో ఏదీ కాదు. అబలకు బలమనే అర్థం ఎలా వస్తుందో చెప్పండి.

బరంపురం సభ్యుడు:

అయన విష్ణువౌ నిక నేమి? హరి బలంబు
సిరియె గాదటె? యామెయే స్త్రీలకెల్ల
రూపు గట్టగా నింటింట రూఢి గాఁగ
నబల యను మాట బలమని యర్థమిచ్చె.

"అ" అంటే విష్ణువని ఏకాక్షర నిఘంటువులు చెప్తాయి కదా, దాన్ని పట్టుకున్నాను మాస్టారూ.

జయపురం సభ్యురాలు: తమ్ముడూ, నడక బాగుంది, యతులు (పాదంలో అక్షరాల పొందిక) సరిపోయాయి. కానీ సిరి అంటే హరి బలమే అన్నట్టు తేలింది, ఆడదాని బలం మళ్లీ మొగుడి పేరు మీదే పడింది. ఈ సమస్యకు అది చాలదు.

రాయగడ సభ్యురాలు:

కొండ నెక్కి కట్టెల మోపు కొనుచు దిగెడు
తల్లి నడిగితి నీమాట తత్త్వమేమొ
నవ్వి బరువును తలకెత్తి నడచె నామె
అబల యను మాట బలమని యర్థమిచ్చె.

నిర్వహణ: నాకు బాగా నచ్చిన పూరణ ఇది. మాటను విరవలేదు, అక్షరం మార్చలేదు, అర్థం చెప్పే పని ఆమెకే అప్పగించారు. ఒక్క సవరణ. "ఆమె" తర్వాత అచ్చు రావడం విసంధి (సంధి చేయకుండా వదిలేయడం), "యబల" అని రాయండి, యతికి ఇబ్బంది లేదు. వ్యాకరణం వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం ఇంకో దారి: "అ" అనే నిషేధానికి లేకపోవడం ఒక్కటే అర్థం కాదు, సాదృశ్యం, వేరు కావడం, అల్పత్వం, మంచిది కాకపోవడం, విరోధం కూడా ఉన్నాయి. సన్నని నడుమున్న పిల్లను "అనుదరా కన్యా" అంటారు, పొట్టే లేదని కాదు. వేరు అనే అర్థం తీసుకుంటే అబల అంటే మగవాడి బలం కంటే వేరైన బలం ఉన్నది అనవచ్చు. ఎవరైనా ఇలా కట్టి పంపండి.

గుణుపురం సభ్యుడు:

ఇంటి కొకరు గారధిపతు లిద్దరనుచు
దంపతుల మాట చాటగా తరతరాలు
పట్టాలో ఆమె పేరెక్కి పలుకగానె
యబల యను మాట బలమని యర్థమిచ్చె.

నిర్వహణ: భావం గట్టిది. "దం" అంటే ఇల్లు, "పతి" అంటే యజమాని, దంపతులంటే ఇంటికి ఇద్దరు యజమానులు, వేదకాలం నాటి మాట. మూడో పాదంలో "పట్టా" రెండూ గురువులే (బరువుగా పలికే అక్షరాలే), అక్కడ సూర్యగణం (ఒక గురువు, ఒక లఘువు; లేదా మూడు లఘువులు) పడాలి, పైగా "లో ఆమె" విసంధి. "పత్రమున నామె పేరెక్కి పలుకగానె" అంటే గణాలూ యతీ కుదురుతాయి.

జయపురం సభ్యురాలు: ఆలి పేరు సరే, కూతురి పేరో? ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఆంధ్రలో 1985 నుంచి ఉంది, మన ఒడిశా వైపు 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఒకే ఇంటిపేరున్న చుట్టాలు, రాష్ట్రాల సరిహద్దు గీతకు అటొకరు ఇటొకరు, ఒక తరం ఆడపిల్లలు నష్టపోయారు. ఇది నాకు ఇప్పటికీ కోపమే. దీని మీద ఎవరైనా పద్యం రాయాలి.

నిర్వహణ: అయితే వచ్చే వారం సమస్య అదే అక్కా: "దూరమున నున్న కూతురే దుహిత యయ్యె". పదాల పుట్టుకను వివరించిన ప్రాచీన పండితుడు యాస్కుడు దుహితకు (కూతురికి సంస్కృతం మాట) చెప్పిన వ్యుత్పత్తుల్లో "దూరే హితా" ఒకటి, దూరంగా ఉంటేనే మేలు అని. ఒడియాలో కూతుర్ని పిలిచే "ఝిఅ" ఈ దుహితే ప్రాకృతం మీదుగా అరిగి వచ్చిన రూపం. యాస్కుడి మాటను ఒప్పుకుంటూ కాకుండా తిప్పికొడుతూ పూరించండి, ఆదివారం లోపు పంపండి.